గంగమ్మకిచ్చిన రోజు

"అన్నం పెట్టమంటారా మావయ్యా, ఇవాళ కూడా పస్తేనా?" అంది రాణి. అడిగింది అన్నం గురించే గానీ, గొంతులో ఉన్నదంతా ఉక్రోషం.

పల్లంరాజు పోలీసు స్టేషన్ నుంచి వచ్చినవాడు వచ్చినట్టే అరుగు మీద కూలబడ్డాడు. కాళ్లయినా కడుక్కోలేదు.

"ఆయన్ని చూడనిచ్చారా?"

"చూశాను."

"ఎలా ఉన్నారు?"

"ఉన్నాడు."

"ఒక్కో ముక్కా నేను పీకి తియ్యాలా? నా మొగుడండీ ఆయన. ఆస్పత్రిలో మంచం పక్కన కానిస్టేబుల్ని కూర్చోబెట్టారు, ఓర్చుకున్నాను. పొద్దున్నే స్టేషన్‌కి తీసుకుపోయారు, రేపు కోర్టంటున్నారు. ఏమన్నారో అది చెప్పండి."

పల్లంరాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక కూడా ఆ తువ్వాలు మొహం మీదే ఉంచుకుని మాట్లాడాడు.

"మోడు తగిలిందన్నాడు. అటు తోలడం తనదే తప్పన్నాడు. సాయంత్రం అదే రాసి సంతకం పెట్టేస్తానన్నాడు."

"పెట్టమని వచ్చేశారా మీరు?"

రాణి నోరున్న పిల్లే గానీ, ఈ ఇంట్లో అడుగుపెట్టాక మావగారి ముందు ఇంత గట్టిగా ఎన్నడూ మాట్లాడలేదు. ఇవాళ ఆగలేకపోయింది.

"ఈ నీళ్లలో ఏ మోడు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పే మనిషి. ఆయన మోడుకేసి బోటు కొట్టాడంటే మీరు నమ్ముతున్నారా? ములిగిపోయిన ఆ అమ్మాయిని పైకి తెచ్చింది మీరు. తెచ్చి గట్టు మీద పడుకోబెట్టి, మళ్లీ బోటు దగ్గర ములిగారు. అందరూ చూశారు. రెండోసారి ఎందుకు దిగారండీ? లోపల ఏం చూశారు?"

వంటింట్లో మరిడమ్మ చేతిలోని గిన్నె అలాగే ఉండిపోయింది. మొగుడు ఏం చెబుతాడోనని చెవులు రిక్కించింది. ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

"చూశావా అత్తా?" అని రాణి ఇటు తిరిగింది. "నువ్వయినా అడగవేంటి? నీ కడుపున పుట్టినోడేగా."

"అడుగుతానులే," అంది మరిడమ్మ.

అడగాల్సిన పని ఆమెకి లేదు. లోపల ఏముందో నీళ్లలో దిగకుండానే ఆమెకి తెలుసు. అక్కడున్నది మోడు కాదు, వల. ఆ వల వేసింది తనే.

*

జొన్నమెట్ల రిజర్వాయరు కట్టింది కింద ఆయకట్టుకి నీళ్లివ్వడానికి. కొండల మధ్య నీళ్లు నిలబడగానే ఆ నీళ్లలో చేపలు, ఆ చేపల కోసం మొగల్తూరు వైపు నుంచి పల్లంరాజు తండ్రిలాంటి వాళ్లు వచ్చి గట్టు కింద గుడిసెలేసుకున్నారు. అప్పట్లో ఇటు వచ్చేవాళ్లంటే లాకులు చూసే మనుషులు, పశువులు కాసేవాళ్లు. అంతే.

ఆ తర్వాత ఎవరో ఫోన్‌లో వీడియో పెట్టారు. పొగమంచు, కొండలు, నీళ్లలో నిలబడి ఎండిపోయిన చెట్ల మోళ్లు. వాటిని చూసి మరిడమ్మకి ఎప్పుడూ దిగులే వేసేది. జనానికి అవే అందంగా కనబడ్డాయి. రాజమండ్రి నుంచి కార్లలో వచ్చి, ఆ మోళ్లు వెనక కనబడేలా పెళ్లికి ముందే ఫోటోలు తీయించుకుంటున్నారు. 'ఐ లవ్ జొన్నమెట్ల' అని ఎర్రక్షరాలు నిలబెట్టారు. బోట్లు దింపారు, కాటేజీలు కట్టారు. ఆ రెండూ నడిపేది కాంట్రాక్టరు జానకిరామ్. మరిడమ్మ కొడుకు వెంకటేష్ ఆయన దగ్గరే బోటు డ్రైవరు. బోట్ల రేవు పక్కన చేపల వేపుడు స్టాలు మరిడమ్మది.

నీళ్ల మీద ప్లాస్టిక్ సీసాలు తేలుతుంటే ఫోటోలు పాడవుతున్నాయని జానకిరామ్ గొడవ పెట్టాడు. ఆ సీసాలు వల ఉందని చెప్పే గుర్తులు. పోట్లాడి పోట్లాడి విసిగిపోయి, జాలర్లు రాళ్లు కట్టి సీసాల్ని మూరెడు లోతుకి దించేశారు. ఎవరి వల ఎక్కడుంటుందో డ్రైవర్లకి తెలుసు కాబట్టి, మోళ్ల వైపు పోకుండా చుట్టూ తిప్పి తీసుకెళ్లేవారు.

ఒక్క రోజు మాత్రం అలా తిప్పక్కర్లేదు. రిజర్వాయరు నిండాక వచ్చే మొదటి ఆదివారం గంగమ్మ తల్లిది. ఆ రోజు ఎవరూ వల వేయరు. వేసిన వలలు ముందు రోజే తీసేస్తారు. ఘటం ఎత్తి తెప్ప మీద నీళ్ల మధ్యకి తీసుకెళ్లి నైవేద్యం పెడతారు. ఆ ఘటం ఎత్తేది పల్లంరాజే.

ఈసారి ఆ ఆదివారమే జానకిరామ్‌కి ఎవరో పెద్ద గెస్టులు వచ్చారు. "డ్యాం చేప అని బోర్డు పెట్టుకుని చేప లేదంటే ఎలా మరిడమ్మా? నీవల్ల కాకపోతే చెప్పు, స్టాలు కోసం తిరుగుతున్న ఆ రూబీకి ఇచ్చేస్తాను," అన్నాడు.

ఇచ్చేస్తాడు కూడా. అందుకని, మగాళ్లంతా గుడి దగ్గర పందిరి పనిలో ఉండగా తెల్లారగట్ల ఆమె థర్మోకోల్ తెప్ప వేసుకుని వెళ్లి మోళ్ల మధ్య వల వేసొచ్చింది. ఘటం కదిలేలోపు తీసేద్దామనుకుంది. తీరా రేవుకొచ్చి చూస్తే తెప్ప లేదు. ఈ ఏడు ఘటం తన తెప్ప మీదే వెళ్లాలని పల్లంరాజుకి అప్పటికప్పుడు బుద్ధి పుట్టింది. తెప్ప కడిగి, పసుపు రాసి, మామిడాకులు కట్టి ఉంది.

ఆ తెప్ప చుట్టూ నిలబడ్డ నలుగురిలో నోరు విప్పి అడగలేకపోయింది. స్టాలుకి వెళ్లి మూకుడు పెట్టుకుంది. నూనె కాగుతుండగా వెంకటేష్ బోటు రేవు నుంచి కదిలింది. ఎప్పట్లా చుట్టూ తిరగకుండా నేరుగా మోళ్ల వైపు మళ్లింది. మరిడమ్మ గరిటె పట్టుకునే గట్టు దాకా పరిగెత్తింది, అరిచింది. డప్పుల మోతలో ఆమె అరుపు ఆమెకే వినబడలేదు.

*

పల్లంరాజు స్టేషన్ నుంచి వచ్చిన రోజు మధ్యాహ్నం బైకుల మీద కుర్రాళ్లు వచ్చారు. స్టాలు మూసి ఉన్నా దాని ముందే బండ్లు ఆపి, గుమ్మంలో ఉన్న మరిడమ్మని పిలిచారు.

"ఆంటీ, బోటు ములిగింది ఎక్కడండీ?"

వాళ్లే వెతుక్కున్నారు. మోళ్ల వైపు వీపు పెట్టి ఫోన్లు పైకెత్తారు. ఒకడు నవ్వబోయి, పక్కవాడు మోచేత్తో పొడిస్తే మొహం దిగులుగా పెట్టుకున్నాడు. ఆ దిగులు మొహంతో ఇంకో ఫోటో తీసుకున్నారు.

వాళ్లు వెళ్లాక ఒక కిరాయి కారు వచ్చి ఆగింది. దిగినావిడ వాళ్లలా అటూ ఇటూ చూడలేదు. నేత చీర కట్టుకుంది, చేతిలో ఒక సంచి ఉంది. నీళ్ల వైపు ఒక్కసారి చూసి వెంటనే తల తిప్పేసుకుంది.

"పల్లంరాజుగారి ఇల్లు ఇదేనాండీ?"

"ఆయ్, ఇదేనండి."

"నేను నిడదవోలు నుంచి వస్తున్నానమ్మా. నా పేరు సుబ్బాయమ్మ. అశ్విని వాళ్లమ్మని."

మరిడమ్మకి రమ్మనాలో, చేతులు జోడించాలో తెలియలేదు. ఆ పేరు పేపర్లో చూసింది. రాజమండ్రిలో ల్యాబులో పనిచేస్తుందనీ, స్నేహితులతో వచ్చిందనీ రాశారు. ఆ పేరుకి ఒక తల్లి ఉండి, ఆ తల్లి తన గుమ్మంలోకి వస్తుందని ఆమె అనుకోలేదు. రాణి లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసింది. పల్లంరాజు పెరట్లోంచి వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాడు.

సుబ్బాయమ్మ సంచిలోంచి కొత్త పంచెల చాపు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మా అమ్మాయిని తెచ్చి మాకిచ్చారు. లేకపోతే ఆ నీళ్లలోనే ఉండిపోయేది. చిన్నదినం అయ్యాక మీ చేతికి బట్టలు పెట్టి రమ్మని మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పారు. తీసుకోండి బాబూ."

"వద్దమ్మా. నీళ్లలోంచి మనిషిని తీస్తే మేం ఏమీ పుచ్చుకోం."

"డబ్బు కాదుగా. బట్టలే."

"అవీ వద్దమ్మా."

సుబ్బాయమ్మ బలవంతం చేయలేదు. పంచెల మీద చెయ్యి వేసి రాస్తూ కూర్చుంది. ఇంటి నుంచి బయల్దేరినప్పటి నుంచీ నోట్లో పెట్టుకు వచ్చిన మాట అడిగింది.

"మిగతావాళ్లు జాకెట్లు వేసుకుని తేలారండి. ఇది ఫోటో కోసం విప్పేసిందట. సరే, విప్పింది. కానీ దానికి ఈత వచ్చండీ. వాళ్ల నాన్న ఉన్నప్పుడు నిడదవోలు కాలవలో నేర్పారు. మగపిల్లలతో పందెం వేసి అవతలొడ్డు ముట్టుకొచ్చేది. ఈతొచ్చిన పిల్ల ఎలా ములిగిందండీ? పక్క మీద పడుకుంటే అదే అడుగుతోంది నా ప్రాణం. చూసింది మీరొక్కరే కదా."

మరిడమ్మ మొగుడి వంక చూడలేదు. గుమ్మం చెక్క గట్టిగా పట్టుకుంది.

"తుంగ వల్లనమ్మా," అన్నాడు పల్లంరాజు. "అడుగున తుంగ ఉంటుంది. అది కాళ్లకి చుట్టుకుంది."

"తుంగా?"

"ఆయ్."

"చాలాసేపు కొట్టుకుందాండీ?"

"లేదమ్మా. ఎంతోసేపు పట్టదు."

సుబ్బాయమ్మ తలాడించింది. ఆ చివరి మాట అబద్ధమని ఆవిడకి తెలుసు. అయినా ఆ అబద్ధం చెప్పినందుకు ఆయనకి నమస్కారం పెట్టింది. లేచి, నీళ్లలో నాలుగు పూలు వదిలి, స్టేషన్‌కి వెళ్లి డ్రైవరు అబ్బాయిని ఒకసారి చూసి వెళ్తానంది.

"ఆయన నా భర్తేనండి," అంది రాణి, ఉండబట్టలేక. "చీమకి కూడా అపకారం చెయ్యడండి ఆయన."

సుబ్బాయమ్మ ఆ పిల్ల వైపు చూసింది. కోపం రాలేదు, జాలీ రాలేదు. "వెళ్తానమ్మా," అని గట్టు వైపు నడిచింది. పంచెలు కుర్చీ మీదే ఉండిపోయాయి. రాణి మొహాన కొంగు కప్పుకుని లోపలికి పోయింది.

*

పెరట్లో కొబ్బరిమట్టల పాక ఉంది. పల్లంరాజు అందులోకి వెళ్తే మరిడమ్మ వెనకే వెళ్లింది. ఆయన మట్టలు పక్కకి లాగి అడుగునుంచి ఒక మూట తీశాడు. బోటు దగ్గర కోసి, ఎవరి కంటా పడకుండా తెచ్చి దాచిన వల. బోటు ఇంజను వెనక తిరిగే ఫ్యానుకి చుట్టుకుని నలిగిన చోట నల్లగా ఉంది.

"నీకెప్పుడు తెలిసింది?" అంది మరిడమ్మ.

"చెయ్యి తగలగానే. చిరుగులు కుట్టిన చోట నీ ముడులు చేతికి తెలిశాయి."

"మరి నన్ను అడగలేదేం?"

"ఏమని అడగను మరిడీ? ఏడాదంతా నీళ్లు మనవే. ఒక్కరోజు ఆ తల్లిది. నేను నెత్తిన ఘటం పెట్టుకుని పైన మొక్కుతున్నాను. నువ్వు కింద వలేశావు. అది అడిగి నేనేం వినాలి?"

"తీసేద్దామనే వచ్చాను. రేవులో తెప్ప లేదు."

"అడగాల్సింది."

"అందరూ ఉన్నారు."

"అందరిలోనూ అడగాల్సింది. వలేశాను, తెప్పివ్వండి అనుంటే ఏం చేసేవారు? తిట్టేవారు. తప్పు కట్టమనేవారు. మహా అయితే సంఘంలో నా పెద్దరికం పోయేది."

"సిగ్గేసింది," అంది మరిడమ్మ.

సిగ్గేసి ఊరుకుంది. ఆ ఊరుకోవడానికి ఒక ఆడపిల్ల పోయింది. కొడుకు ఊచల వెనక కూర్చున్నాడు. ఇంక ఎవరు ఎవర్ని తిట్టుకుని ఏం లాభం?

పల్లంరాజే ముందు తేరుకున్నాడు. "స్టేషన్‌కి పోయి నేను చెబుతాను. శనివారం తియ్యాల్సిన వల మర్చిపోయానంటాను. ముసలోణ్ని, మర్చిపోయానంటే నమ్ముతారు. కుర్రోణ్ని వదిలేస్తారు."

"నువ్వెందుకు చెప్పాలి?"

"నేనయితే ఆడు తిట్టుకుంటాడు, నాలుగు రోజులకి మర్చిపోతాడు. నువ్వని తెలిస్తే మళ్లీ నీ మొకం చూడడు. ఆణ్ని నేనెరుగుదును. ఆ తల్లి రోజంటే ఆడికి ప్రాణం. అది నేర్పింది నువ్వు."

మరిడమ్మకి ఒక్క క్షణం ఆ మాట చల్లగా తగిలింది. మొగుడు వెళ్తాడు, చెబుతాడు. కొడుకు ఇంటికొస్తాడు, అమ్మా అని పిలుస్తాడు. ఆ పిలుపు కోసం ఆమె ఏదైనా ఒప్పుకునేలా ఉంది. కానీ తన పాపం ఇప్పటికే ఒకడు మోస్తున్నాడు. వాడి నెత్తి మీంచి దించి మొగుడి నెత్తిన పెడితే అది తగ్గేదేమిటి? ఆ పిల్ల తల్లి ఇవాళ రాత్రి కూడా తుంగ గురించే ఆలోచిస్తూ పడుకుంటుంది.

"మరిడీ, ఎక్కడికి?"

ఆమె ఆగలేదు. వల మూట చంకన పెట్టుకుని, దడి దాటి గట్టెక్కింది. పల్లంరాజు పాక గుంజ పట్టుకుని నిలబడ్డాడు గానీ వెనక రాలేదు.

*

సుబ్బాయమ్మ పూలు వదిలేసి కారు దగ్గర నిలబడి ఉంది. ఆయాసంతో వస్తున్న మరిడమ్మని చూసి, "పంచెలు తిరిగి ఇవ్వడానికా? ఉంచండమ్మా," అంది.

"కాదండి." మరిడమ్మ మూట నేల మీద పెట్టింది. "మీ పాప కాళ్లకి చుట్టుకుంది తుంగ కాదండి. ఇది. బోటుకి అడ్డం పడిందీ ఇదే. ఆ రోజు నీళ్లలో వల వెయ్యకూడదు. నేనేశాను. మా ఆయనకి తెలీదు, మావాడికి తెలీదు. వలలుండవన్న నమ్మకం మీదే మావాడు అటు తోలాడండి."

ఆవిడ మూట వైపు చూసింది. వంగి వల కొస ఒకటి వేళ్లతో పట్టుకుంది. అది ఎంత సన్నగా ఉందో చూస్తూ ఉండిపోయింది.

"ఇదాండీ," అంది. "ఇంతేనా."

మరిడమ్మ కింద కూర్చుండిపోయింది. కొట్టినా పడదామని కూర్చుంది. ఆవిడ కొట్టలేదు. కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

"మీ అబ్బాయికి తెలీదన్నారు కదూ?"

"తెలీదండి."

"సంతకం పెట్టాడా?"

"సాయంత్రం పెడతానన్నాడట."

సుబ్బాయమ్మ కారు తలుపు తీసింది. "ఎక్కండి. పోలీసులకి తర్వాత చెబుదురుగాని. ముందు ఆ అబ్బాయికి చెప్పండి. నేను పక్కన ఉంటాను. మీరు చెప్పడం నేను వినాలి."

దారంతా వల మూట ఇద్దరి మధ్యా సీటు మీద ఉంది. మలుపు తిరిగేటప్పుడు అది సుబ్బాయమ్మ వైపు ఒరిగితే, మరిడమ్మ గబుక్కున తన వైపు లాక్కుంది.

స్టేషన్లో హెడ్‌కానిస్టేబుల్ ఇద్దర్నీ చూసి, ఈ ఇద్దరూ కలిసి రావడమేమిటో అర్థం కాక, ఏమీ అనకుండా లోపలికి చూపించాడు. వెంకటేష్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వేసుకున్న చొక్కా ఎవరో ఇచ్చింది, భుజాల దగ్గర వదులుగా ఉంది. తల్లిని చూసి లేచి ఊచల దగ్గరికి వచ్చాడు. వెనకున్నావిడ ఎవరో పోల్చుకోలేదు.

"నువ్వెందుకొచ్చావమ్మా? నాన్న వచ్చెళ్లాడుగా."

మరిడమ్మ ఊచలు పట్టుకుని ఏడ్చింది.

"ఏడవకు. రాసి ఇచ్చేశాను, ఇందాకే. మోడు చూసుకోలేదు, తప్పు నాదేనన్నాను. చెప్పేశాక కాస్త తేలిగ్గా ఉంది." ఊచల్లోంచి చెయ్యి చాపి తల్లి చెంప తుడిచాడు. "అమ్మోరి రోజు కదా, నీళ్లలో ఏమీ ఉండదని ధైర్యంగా తోలేశానమ్మా. ఆ రోజు నీళ్లు ఆవిడవని, ఎవరూ చెయ్యి పెట్టరని నువ్వేగా చిన్నప్పట్నుంచీ చెప్పేదానివి. ఆ ధ్యాసలో మోళ్ల సంగతే మర్చిపోయాను."

వెనక సుబ్బాయమ్మ కదలకుండా నిలబడి ఉంది.

మరిడమ్మ తన చెంప మీదున్న కొడుకు చేతిని రెండు చేతులతో పట్టుకుంది. వదిలితే మళ్లీ దొరకదేమోనన్నట్టు పట్టుకుంది.

"మోడు కాదురా నాయనా," అంది.

వెంకటేష్ తల్లి మొహంలోకి చూశాడు.

"మరేంటమ్మా?" అన్నాడు.